గుంటూరు మేడ మీద ఒక ఉదయం



పోయిన నెల మాకు అందిన ఉత్తరాల్లో ఒకటి మమ్మల్ని ఆలోచనలో పడేసింది. ఒక పల్లెటూరి సహోదరి రాసింది. వాళ్ళ కోడలికి అయిదో నెల. గ్రహణం వస్తే కడుపుతో ఉన్న పిల్లను చీకటి గదిలో పడుకోబెట్టాలని వీధిలో వాళ్ళంటున్నారట. విశ్వాసులకు అవన్నీ అక్కర్లేదని సంఘంలో అంటున్నారట. "ఎవరి మాట వినమంటారు? దయచేసి మీ శీర్షికలో జవాబు రాయండి" అని అడిగింది.

అక్కర్లేదు అని ఒక్క ముక్కలో రాసేయవచ్చు. కాని అలా ఒక్క ముక్కలో చెప్పేసి మేము ఒకసారి పెద్ద తప్పు చేశాం. ఆ తప్పు మాకు తెలిసి వచ్చింది ఈ మధ్యనే, గుంటూరులో ఒక మేడ మీద. అందుచేత ఈ నెల ఆ సంగతే రాస్తున్నాం. సహోదరి కొంచెం ఓపిక పట్టాలి.

మా పెద్దక్కయ్యను మీలో కొందరు ఈ పేజీల్లో ఇంతకు ముందే కలుసుకున్నారు. చిలకలూరిపేట అవతల నల్లరేగడి పల్లెలో ఉంటుంది. పత్తి, మిరప వేస్తారు. ఏటా కొత్త కాయలు రాగానే మాకొక బస్తా పంపుతుంది. ఎన్నేళ్ళు పంపినా ఆ కాయలు తొడిమలతోనే వస్తాయి. కారం పట్టించే ముందు తొడిమలు తీయలేక మేమిద్దరం తుమ్ముకుంటూ, "ఇంత ప్రేమ ఉన్న మనిషికి ఈ తొడిమలు తీయించే తీరిక ఉండదా" అని ప్రతి ఏడూ సణుగుతాం.

మొన్న చలికాలంలో అక్కయ్యకు కంట్లో శుక్లం తీయించడానికి గుంటూరు వచ్చాం. ఆపరేషన్ దేవుని కృపవలన బాగా జరిగింది. వారం తరువాత చూపించుకోవడానికి మళ్ళీ వచ్చినప్పుడు అక్కయ్య పెద్దకొడుకు, చిన్నకొడుకు కూతురు కూడా వెంట వచ్చారు. ఆ రాత్రి అరండల్‌పేటలో మా బంధువుల ఇంట్లో ఉన్నాం. మూడంతస్తుల మేడ. ఆ పిల్ల తన బడిలో విన్న మాట ఒకటి పట్టుకుని ఉంది. "చిన్న తాతయ్యా, సూర్యుడిలో గాలిని గుంటూరులో కనిపెట్టారంట. ఎక్కడి నుంచి చూశారు?" అని రైల్లో పీకలు తీసింది. "మేడ మీద నుంచి" అన్నాం. "అయితే మనమూ మేడ ఎక్కుదాం" అంది.

తెల్లవారి అందరం పైకెక్కాం. అక్కయ్య మెట్టు మెట్టుకూ ఆగుతూ వచ్చింది. పైన మంచు ఇంకా పూర్తిగా విడలేదు. కింద రైలు కట్ట, నీళ్ళ టాంకులు, ఆరేసిన బట్టలు, ఒక గుడి గోపురం, ఒక మసీదు మినారు, మన చర్చి గంట గోపురం. దూరాన మిర్చి యార్డు వైపు వెళ్ళే లారీల వరస. గాలి అటు నుంచి తిరిగినప్పుడల్లా ముక్కులో కారం ఘాటు. కాసేపటికి మంచు విడిపోయి పడమట కొండవీడు కొండలు సన్నని గీతలా కనిపించాయి. అక్కయ్య ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసి, "ఇయ్యి ఇంతకాలం ఇక్కడే ఉన్నయ్యా?" అంది. అందరం నవ్వాం.

అప్పుడు పిల్లకు ఆ కథ చెప్పాం. మీ ఇళ్ళల్లో పిల్లలకు కూడా చెప్పండి. మన గడ్డ మీద జరిగిన సంగతి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చంద్రుడి నీడ పడమటి తీరం నుంచి దక్కను మీదుగా మన గుంటూరు, బందరు దాటి సముద్రంలోకి, అక్కడి నుంచి సయాం దేశం వైపు సాగిపోయింది. గుంటూరు ఆ దారిలో నడిమధ్య ఉంది. ఇక్కడ సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా పూర్తిగా మూసుకుపోయాడు. అంతసేపు మూసుకుపోవడం అరుదు. అందుకని ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రాలు దాటి మద్రాసు మీదుగా ఇంత దూరం వచ్చాడు. ఇంగ్లీషు వారి తరఫున టెనెంట్ అనే సైనికాధికారి కూడా గుంటూరులోనే దిగి గ్రహణానికి ఫోటోలు తీయించాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ బందరులో కూర్చున్నాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే మన దేశస్థుడు చింతామణి రఘునాథాచారి నైజాం రాజ్యంలో ఉన్న వనపర్తిలో తన జట్టుతో కాచుకుని ఉన్నాడు. అప్పటికి ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టి ఇరవై ఆరేళ్ళు. 1842 జూలై 31న వచ్చారాయన. అంటే ఆనాటికే ఈ ఊళ్ళో ఆదివారం గంట మోగుతూ ఉంది.

జాన్సెన్‌కు అప్పట్లో గుంటూరులో ఉన్న లెఫోషూర్ అనే ఫ్రెంచి వర్తకుడు తన మేడ పై అంతస్తు ఇచ్చాడు. అక్కడ దూరదర్శిని, దానికి తగిలించిన స్పెక్ట్రోస్కోపు పెట్టుకున్నాడు. స్పెక్ట్రోస్కోపు అంటే భయపడనక్కర్లేదు. గాజు పట్టకంలోంచి వెలుగు పోతే ఇంద్రధనుస్సులా విడిపోతుంది గదా. ఆ విడిపోయిన రంగుల్ని గీతలు గీతలుగా చూపించే పనిముట్టు అది. మీ వంటింట్లోనే దీని సూత్రం ఉంది. పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా లేస్తుంది. ఏ పొయ్యి అయినా, ఏ ఊరైనా, ఉప్పు పడితే అదే పసుపు. అలాగే ప్రతి పదార్థమూ వేడెక్కి ఆవిరైనప్పుడు దాని రంగు గీతలు దానికి వేరేగా ఉంటాయి. ఆ గీతలు చూసి అక్కడ మండేదేమిటో చెప్పవచ్చు, అది కోట్ల మైళ్ళ దూరంలో ఉన్నా సరే.

పూర్తి గ్రహణం పట్టినప్పుడు నల్లని చంద్రుడి అంచున ఎర్రని నాలుకల్లాంటివి కనబడతాయి. అవి ఏమిటో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. నిప్పులా, మబ్బులా, అసలు సూర్యుడివేనా అని వాదించుకునేవారు. ఆ ఉదయం గుంటూరు మేడ మీద జాన్సెన్ వాటి వెలుగును విడదీసి చూస్తే గీతలు మెరిశాయి. అంటే అవి సూర్యుడి మీద మండే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత మెరుస్తూ ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చు గదా అని ఆయనకు తోచింది. మరునాడు పొద్దున్నే అదే మేడ మీద పనిముట్టు సరిచేసుకుని చూస్తే, మామూలు సూర్యుడి అంచున అవే గీతలు! పదిహేడు రోజులు వరసగా చూసి రాసుకున్నాడు. ఆ సంగతి రాసి కాకినాడ నుంచి సెప్టెంబరు 19న పారిస్‌కు ఉత్తరం పంపాడు. ఈలోగా ఇంగ్లండులో లాకియర్ అనే ఆయన అక్టోబరు 20న అదే పద్ధతి తనంతట తానే కనిపెట్టి చూశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ శాస్త్రసభలో ఒకే రోజున విప్పారు. ఎవరు ముందు అని తగువు పెట్టుకోకుండా 1872లో ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం ఒకటి పోయించింది.

"హీలియం ఇక్కడ కనిపెట్టారు" అని బడుల్లో చెబుతారు. అది సగం మాట. ఆ గ్రహణం నాడు పసుపు గీత ఒకటి కూడా కనబడింది. ఉప్పులోని సోడియం గీతకు దగ్గరగా ఉంది గాని, సరిగ్గా దాని చోట లేదు. బందరులో పాగ్సన్ కూడా దాన్ని గమనించాడు. అది భూమి మీద ఎరగని కొత్త పదార్థానిదని తరువాత లాకియర్ తేల్చాడు. గ్రీకు భాషలో సూర్యుడి పేరు మీద దానికి హీలియం అన్న పేరు పెట్టారు. 1895లో గాని రామ్సే అనే ఆయనకు అది భూమి మీద ఒక ఖనిజంలో దొరకలేదు. ఇవాళ పిల్లల బెలూన్లలో ఉండేది అదే. ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రాలను చల్లగా ఉంచేదీ అదే.

పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని వింటూ ఉంది. అక్కయ్య పిట్టగోడ పట్టుకుని ఊరి వైపు చూస్తూ ఉంది. అప్పుడు ఉన్నట్టుండి అడిగింది.

"తమ్ముడూ, ఆ రోజు ఈ ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడోళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు?"

మాకు ఆ ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మాకు 2019 గుర్తొచ్చింది.

2019 డిసెంబరు 26, గురువారం. క్రిస్మస్ మరునాడు. ఆ పండుగకు మేము అక్కయ్య ఊళ్ళోనే ఉన్నాం. ఉదయం ఎనిమిది దాటాక సూర్యగ్రహణం మొదలైంది. తమిళనాడు, కేరళ వైపు సూర్యుడు ఉంగరంలా కనబడ్డాడు. మనకు చాలా భాగం మూసుకుపోయి నెలవంకలా మిగిలాడు. అక్కయ్య చిన్నకోడలికి అప్పుడు ఆరో నెల. పొద్దున్నే అక్కయ్య ఆ పిల్లను వెనక పెంకుటింట్లో, పత్తి పోసిన గదిలో పడుకోబెట్టి, "పదకొండు దాటేదాకా లెయ్యొద్దు, ఒత్తిగిలొద్దు, పచ్చి మంచినీళ్ళు కూడా తాగొద్దు" అని చెప్పి తలుపేసి గుమ్మంలో కూర్చుంది.

మాకు కోపం వచ్చింది. అప్పుడు మేమన్న మాటలు ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాం. "నిన్న చర్చిలో క్రిస్మస్ ఆరాధన, ఇవాళ ఇంట్లో గ్రహణం శూల! సంఘపు పెద్ద భార్యవి, నిన్ను చూసి పదిమంది నేర్చుకోవాలి. సూర్యచంద్రుల్ని చేసినవాడి మీద నమ్మకం ఇంతేనా?" అన్నాం. అక్కయ్య బదులు పలకలేదు. తల వంచుకుని అలాగే కూర్చుంది. మా మాటలు తగిలి నోరు పడిపోయిందనుకున్నాం.

తొమ్మిదిన్నర వేళ లోపలి నుంచి కోడలు పిల్ల కేకేసింది. "మామయ్యగారూ, ఒకసారి రండి! గది నిండా నెలవంకలు!"

తలుపు తీసుకుని వెళ్ళాం. నిజమే. ఆ పెంకుల మధ్య సందులున్నాయి. మామూలు రోజుల్లో ఆ సందుల్లోంచి ఎండ గుండ్రని బిళ్ళలుగా పడుతుంది. మీ ఇళ్ళల్లో కూడా చూసే ఉంటారు. సందు ఏ ఆకారంలో ఉన్నా నేల మీద పడే బిళ్ళ గుండ్రంగానే ఎందుకుంటుందని ఎప్పుడైనా ఆలోచించారా? అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. సన్నని రంధ్రంలోంచి వెలుగు చీకటి గదిలోకి వస్తే బయటి వస్తువు బొమ్మ లోపల తలకిందులుగా పడుతుంది. రంధ్రం నుంచి బొమ్మ పడే చోటికి ఎంత దూరమో, అందులో సుమారు నూరో వంతు సూర్యుడి బిళ్ళ సైజు. పది అడుగుల దూరం నుంచి పడితే అంగుళం పైచిలుకు. ఆ రోజు సూర్యుడే నెలవంకలా ఉన్నాడు గనుక పడిన బిళ్ళలన్నీ నెలవంకలే. తెల్లని పత్తి రాశి మీద పది పదిహేను, గోడ మీద కొన్ని, కోడలి చీర మీద రెండు. బయట వేపచెట్టు కింద చూస్తే ఆకుల సందుల్లోంచి వందలు.

ఈ వింత చూపించడానికే పెద్ద ఊళ్ళల్లో మేడలు కట్టి టికెట్లు పెట్టారు. స్కాట్లండులో ఎడిన్‌బరో కోట దగ్గర అలాంటి మేడ ఒకటుంది. 1853 నుంచి నడుస్తోంది. పై కప్పులో ఒక అద్దం, ఒక కటకం. కింద చీకటి గదిలో తెల్లని గుండ్రని బల్ల. ఊరంతా ఆ బల్ల మీద పడుతుంది. వీధిలో నడిచే మనుషులు, బండ్లు కదులుతూ కనబడతాయి. పిల్లలు కాగితం ముక్క పెట్టి, నడిచే మనిషిని ఆ కాగితం మీదికి ఎక్కించుకుంటారట. ఎక్కినవాళ్ళు కప్పు మీదికి వెళ్ళి ఊరంతా చూసి దిగుతారు. మన కన్ను చేసేదీ అదే పని. చిన్న ద్వారం, కటకం, వెనక తెర, ఆ తెర మీద తలకిందుల బొమ్మ. అక్కయ్యకు డాక్టరు తీసింది ఆ మసకబారిన కటకాన్నే. బదులుగా కొత్తది పెట్టారు.

సరే, ఆనాటి గదికి వద్దాం. గ్రహణం కనబడకూడదని పెట్టిన గదిలోనే గ్రహణం పదిహేను చోట్ల కనబడింది. మేము విరగబడి నవ్వాం. అక్కయ్య పరుగున వచ్చి, కోడలి పొట్ట మీద పడిన నెలవంకల్ని తన పైట కొంగుతో కప్పబోయింది. కొంగు అడ్డం పెడితే అవి కొంగు మీద పడ్డాయి. ఇంకా నవ్వాం. అక్కయ్య చేతులు వణుకుతున్నాయి. అది చూశాం, చూసి కూడా నవ్వాం.

మార్చి ఆఖరున, ఊళ్ళన్నీ లాక్‌డౌన్‌లో మూసేసిన రోజుల్లో, ఆ కోడలికి ఆడపిల్ల పుట్టింది. చందమామలా ఉంది. ఆ పిల్లే ఇప్పుడు మేడ మీద మా పక్కన నిలబడి కథ విన్నది.

ఇక అక్కయ్య అడిగిన ప్రశ్న. మేము ఈసారి తొందరపడలేదు. "చాలామందే ఉండి ఉంటారక్కయ్యా. ఈ ఊళ్ళోనే కాదు, నీడ పడిన పట్టీ పొడుగునా ఎన్నో ఊళ్ళల్లో" అన్నాం.

"వాళ్ళందరికీ మొర్రి పిల్లలు పుట్టారా?"

"లేదక్కయ్యా. అట్టా పుట్టేట్టయితే ఏ ఊళ్ళో గ్రహణం పట్టినా ఆ ఏడు పుట్టిన పిల్లలందరికీ మొర్రి ఉండాలి. ఏ గ్రహణమూ లేని ఏడు, గ్రహణం మాటే ఎరగని దేశాల్లో కూడా మొర్రితో పుడతారు. సుమారు ఏడు వందల మందిలో ఒకరికి వస్తుందని డాక్టర్లు చెబుతారు."

అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది. మెల్లగా, ఊరి వైపే చూస్తూ.

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆనాటి సంపూర్ణ గ్రహణం మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణా మీదుగా పోయింది. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ నక్షత్రశాలలో దేశదేశాల వాళ్ళు చూశారు. మన వైపు కూడా మధ్యాహ్నం మూడున్నర దాటాక సూర్యుడు దాదాపు మూసుకుపోయి సాయంకాలపు చీకటి పడ్డట్టయింది. అప్పటికి అక్కయ్యకు ఇరవై రెండేళ్ళు. తొలిచూలు, ఆరో నెల. అత్తగారి ఊళ్ళో మిరప కళ్ళం మీద కాయలు ఎండుతున్నాయి. కూలీలంతా ఇళ్ళకు పోయి తలుపులేసుకున్నారు. అక్కయ్య పోలేదు. సూర్యుడు చంద్రుడు దేవుని పనివాళ్ళు, వాళ్ళకు మొక్కనూ వద్దు, భయపడనూ వద్దు అని మా నాన్నగారు చిన్నప్పుడు మాకు నేర్పారు. ఆ మాట నమ్మి, ఒక్కతే కళ్ళం మీద కూర్చుని, చీకటి పడి మళ్ళీ వెలుగొచ్చేదాకా మిరపకాయలకు తొడిమలు తుంచుతూ కూర్చుంది.

మేలో పెద్దవాడు పుట్టాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. పాలు పట్టుకోలేడు. ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసి బతికించుకుంది. కాయ తుంచింది గనక పిల్లవాడి పెదవి తెగిందని అత్తవారి వీధంతా అంది. తరువాత ఒక మిషను ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అయినా మాట కొంచెం ముక్కుతో వచ్చేది. బడిలో ఏడిపించారు. రెండు మూడు సంబంధాలు మాట దాకా వచ్చి తప్పిపోయాయి.

"ధైర్యం నేను చేశా తమ్ముడూ. శిక్ష వాడికి పడింది" అంది అక్కయ్య. "నాయన మాట తప్పని అనలేను. దేవుడు తప్పు చేశాడని అనలేను. మరి తప్పు నాదేగా? ఎవరికి చెప్పుకోను? పాస్టరుగారికి చెబితే నా విశ్వాసం ఇంతేనా అంటారు. మీరూ ఆ రోజు అదే అన్నారుగా. మళ్ళీ ఇంతవరకు నేను కాయకు తొడిమ తీయలేదు."

ఏటేటా తొడిమలతో వచ్చిన బస్తాలన్నీ మా కళ్ళ ముందు తిరిగాయి. మాకు నోట మాట రాలేదు. ఆమెకు విశ్వాసం తక్కువై కోడల్ని గదిలో పెట్టిందనుకున్నాం. ఆ పిల్లకూ అదే ఆరో నెల. అక్కయ్య ఆ గుమ్మంలో కూర్చున్నది తన పాత గాయాన్ని పట్టుకుని. మేము దాని మీద వాక్యం పేరు చెప్పి కారం చల్లాం.

అప్పుడే మాకు తెలిసిన ఒక డాక్టరమ్మకు ఫోను చేశాం. సంగతి చెప్పి, అక్కయ్యకు వినబడేట్టు స్పీకరు పెట్టాం. ఆమె ఎంతో ఓర్పుగా చెప్పింది. "అమ్మా, కడుపులో బిడ్డకు ముఖం రెండు వైపుల నుంచి పెరిగి మధ్యలో అతుక్కుంటుంది. పై పెదవి అతుక్కునేది నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. అంగిలి తొమ్మిదో వారం లోపల. ఆ సమయంలో అతుకు పడకపోతే మొర్రి. తరువాత ఏం చేసినా అతుక్కున్న పెదవి చీలదు. మీకు గ్రహణం నాటికి ఎన్నో నెల?"

"ఆరో నెల."

"అయితే అప్పటికి నాలుగు నెలల ముందే మీ బాబు పెదవి సంగతి తేలిపోయిందమ్మా. మీకు కడుపు సరిగ్గా తెలిసీ తెలియని రోజుల్లో."

అక్కయ్య వేళ్ళు మడిచి వెనక్కి లెక్కపెట్టుకుంది. మే, ఏప్రిల్, మార్చి, ఫిబ్రవరి, ఇంకా వెనక్కి. పల్లెటూరి మనిషికి నెలల కంటే పైరు లెక్క బాగా తెలుస్తుంది. "అంటే మిరప నారు నాటిన రోజుల్లో" అంది. "గ్రహణం పట్టింది కాయ కోసినాక గదా."

"అవునక్కయ్యా."

"నారు నాటేటప్పుడే అయిపోయిందా?"

"అప్పుడే అయిపోయింది."

వెనక మెట్ల దగ్గర అలికిడైతే తిరిగి చూశాం. టీ ఫ్లాస్కు పట్టుకుని మా పెద్ద మేనల్లుడు నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు, అంతా విన్నట్టే ఉంది. నలభై అయిదేళ్ళు దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. గ్లాసుల్లో టీ పోస్తూ, "నా మూతి సంగతికి సూర్యుడి మీద ఎందుకమ్మా కేసు పెడతావు? పాపం ఆయన అప్పటికి ఊళ్ళోనే లేడు" అన్నాడు. అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో మాకు సరిగ్గా తెలియలేదు. డాక్టరు కంటిని తడవనివ్వొద్దన్నారని మా ఆవిడ శుభ్రమైన గుడ్డ తెచ్చి ఇచ్చింది.

ప్రభువు వెళ్తూ పుట్టుగుడ్డివాణ్ణి చూసినప్పుడు శిష్యులు అడిగిన ప్రశ్న మీకు తెలుసు. పాపం వీడిదా, వీడి కన్నవాళ్ళదా అన్నారు. ప్రభువు ఇద్దరినీ తప్పు పట్టలేదు. ఆ భాగం మీద మేము ఎన్నిసార్లు మాట్లాడి ఉంటామో లెక్కలేదు. మా అక్కయ్య ముందు వరసలో చాప మీద కూర్చుని విన్నది. ఒక్కసారి కూడా ఆమె వైపు తిరిగి, "అక్కయ్యా, నీ మనసులో ఏముంది?" అని అడగలేదు. మేడ దిగే ముందు ఆమెను క్షమాపణ అడిగాం. "పోనీలే, మీకేం తెలుసు" అంది.

ఉత్తరం రాసిన సహోదరికి మా జవాబు ఇది. గ్రహణం వల్ల కడుపులో బిడ్డకు ఏ కీడూ రాదు. గదిలో కట్టిపడేయనక్కర్లేదు. గంటల తరబడి అన్నం నీళ్ళు మానిపిస్తేనే కడుపుతో ఉన్న పిల్లకు నీరసం, కళ్ళు తిరగడం. కనుక వేళకు తినిపించండి, నీళ్ళు తాగించండి. భయపడవలసింది ఒక్కటుంది, కంటికి. గ్రహణం రోజున గాని మామూలు రోజున గాని సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు. కంటి లోపలి తెర కాలినా నొప్పి తెలియదు, పోయిన చూపు మళ్ళీ రాకపోవచ్చు. నల్ల కళ్ళద్దాలు, ఎక్స్‌రే ఫిలిం, నీళ్ళలో నీడ, ఇవేవీ చాలవు. చెట్టు కింద నేల మీద పడే నెలవంకల్ని చూపించండి. అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం పెట్టి, సూర్యుడికి వీపు తిప్పి నిలబడి, తెల్లకాగితం మీద బొమ్మ పట్టండి. కోడలు కూడా హాయిగా చూడవచ్చు.

మొర్రికి వంశం మొదలుకొని కారణాలు అనేకం. మన వైపు ఇళ్ళల్లో చుట్ట పొగ ఎక్కువ. కడుపుతో ఉన్నవారు పొగ తాగితే ఆ ప్రమాదం పెరుగుతుందని తేలింది. పెళ్ళయిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఎప్పటి నుంచి వేసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఎక్కడైనా బిడ్డ మొర్రితో పుడితే తల్లిని ఒక్క మాట అనకండి. తొలి నెలల్లోనే పెదవికి ఆపరేషన్ చేస్తారు, ఉచితంగా చేసే ఆసుపత్రులున్నాయి. ఆలస్యం చేయకుండా తీసుకువెళ్ళండి.

ఇంకొక మాట, ఇది సంఘంలో అక్కర్లేదన్న వారికి. వారు చెప్పింది సరైన మాటే. కాని చెప్పే ముందు ఆ అత్తగారి పక్కన కూర్చుని, ఆమె ఎందుకు భయపడుతోందో ఒకసారి అడగండి. ఆమె వెంటనే చెప్పకపోవచ్చు. మా అక్కయ్యకు నలభై అయిదేళ్ళు పట్టింది.

ఈ శీర్షిక రాసి ముగించబోతుండగా పల్లె నుంచి బస్తా వచ్చింది. విప్పి చూశాం. కాయలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఒక్కదానికీ తొడిమ లేదు. బస్తా తెచ్చిన మేనల్లుణ్ణి, "ఎవరిచేత తీయించావురా?" అని అడిగాం.

"ఎవరిచేతా కాదు మామయ్యా. అమ్మే కూర్చుని తీసింది. మూడు రోజులు పట్టింది" అన్నాడు.